కాలనీ సంక్షేమ సంఘం, హన్మకొండ: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మోరీలు, వీధి దీపాల సంగతి ముందే ముగిస్తాను. రెండో వీధి మోరీ పని పూర్తయింది. పార్కు వెనక లైట్లు ఇంకా రాలేదు, దరఖాస్తు పట్టుకుని తిరుగుతూనే ఉన్నాం. కుక్కల బెడద తగ్గలేదు. జమాఖర్చుల పత్రం కోశాధికారి సంతకంతో విడిగా అందుతుంది. ఈ ఏడు సంఘం ఎక్కువగా పట్టించుకున్నది తిండి విషయం కాబట్టి మిగతా నివేదికంతా దాని గురించే.

వేసవిలో పెట్టిన వైద్య శిబిరంలో షుగర్, బీపీ చాలామందికి బయటపడ్డాయి. అది ఊహించిందే. డాక్టరమ్మ మా దృష్టికి తెచ్చింది ఇంకొకటి: రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లలో చాలామంది రెండు పూటలా కడుపునిండా తింటున్నవాళ్లే. అందుకే తర్వాత కమ్యూనిటీ హాల్లో ఒక న్యూట్రిషనిస్టుతో మాట్లాడించాం. ఆమె ఉపన్యాసం మొదలుపెట్టకుండా, ముందురోజు తిన్నదంతా కాగితం మీద రాయమన్నారు. ఏ కాగితం చూసినా దాదాపు అదే వరస. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం, పక్కన ఆలుగడ్డ కూరో మామిడికాయ తొక్కో. పండు రాసినవాళ్లు తక్కువ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. రకరకాలు తినాలన్నదే అందులో మొదటిది. 2000 కేలరీల లెక్కన ఒక రోజుకు ఆ సంస్థ చెప్పిన పళ్లెం ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలు నువ్వుల్లాంటివి 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. మాంసం తినేవాళ్లు పప్పులో కొంత వాటా బదులు గుడ్డు, చేప తీసుకోవచ్చు. ఇప్పుడు మన లెక్క చూడండి. ఆహార భద్రతా కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి, అంటే రోజుకు 200 గ్రాములు. పళ్లెంలో ధాన్యం వాటా రేషన్ బియ్యంతోనే దాదాపు నిండిపోతుంది. మన ఇళ్లలో కొరత కూరకు, పప్పుకు, పండుకు.

ఈ మాట కొందరికి ఇంకోలా చేరింది. మరుసటి వారానికే అన్నం పూర్తిగా మానేసి మూడు పూటలా కొర్రలు మొదలుపెట్టారు, అదీ పక్కన తొక్కుతోనే! ఒక గింజ తీసి ఇంకో గింజ పెడితే రకాలు పెరగవు. శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో రాకముందు ఈ పల్లెల్లో జొన్న రొట్టె, మక్క గట్క, తైదల అంబలే రోజువారీ తిండి, అన్నం పండుగకు. పెద్దవాళ్లు అది గొప్పగా చెప్తారు, నిజమే. కానీ వాటితోపాటు చేన్లో దొరికిన గంగవాయిలి కూర, పుంటికూర, చింతచిగురు, అనుములు కూడా తిన్నారు. మనం గింజల్ని గుర్తుపెట్టుకుని కూరల్ని మరిచిపోయాం.

పప్పన్నం మీద సభ్యులు చాలా ప్రశ్నలు అడిగారు. మాంసకృత్తులు (ప్రోటీన్లు) లైసిన్, మిథియోనిన్ లాంటి చిన్న భాగాలతో తయారవుతాయి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మిథియోనిన్ తక్కువ, బియ్యం ఆ లోటు తీరుస్తుంది. రెండూ కలిస్తే మాంసకృత్తులు ఇంకా బాగా ఒంటికి పడతాయి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఇనుము బాగా పడుతుంది, అన్నం తినగానే చాయ్ తాగితే తగ్గుతుంది. చాయ్ మాటకు హాల్లో అందరూ గొణిగారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, షుగర్ మందు వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఏదీ మార్చుకోవద్దు.

వినాయక నవరాత్రుల అన్నదానంలో ఈసారి పులిహోర తగ్గించి పాలకూర పప్పు, సొరకాయ కూర, పెరుగు పెట్టాం. ప్రసాదంలో కోత పెట్టారని కొందరు పెద్దలు కోపగించారు, కమిటీలోనూ వాదన జరిగింది. గిన్నెలు మాత్రం ఖాళీ అయ్యాయి. సద్దుల బతుకమ్మ నాడు మేం కొత్తగా చెప్పాల్సిందేమీ లేకపోయింది. నువ్వులు, పల్లీలు, పెసర్లు, మక్కలు అన్నిటి సత్తులూ ఆడబిడ్డల గిన్నెల్లోనే ఉన్నాయి. చక్కెర కాస్త తక్కువ వేస్తే ఇంకా బాగుండేది.

వానాకాలంలో మిద్దెల మీద పెంచుకోవడానికి పాలకూర, తోటకూర, బచ్చలి విత్తనాలు పంచాం. ఇది సగమే ఫలించింది. నీళ్లు పోసే ఓపిక ఉన్న ఇళ్లలో కాసింది, మిగతా కుండీలు కోతుల పాలయ్యాయి. వచ్చే ఏడు వలలు కొనకుండా విత్తనాలు పంచొద్దని కమిటీ అభిప్రాయం.

ఆగస్టు 15, జనవరి 26న పిల్లలకు ఇచ్చే బిస్కెట్ ప్యాకెట్ల బదులు పల్లీపట్టీ, అరటిపండు ఇవ్వాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. ఖర్చు పెరుగుతుందని కోశాధికారి అభ్యంతరం రాసిచ్చారు, అది కూడా చదివి వినిపిస్తాం. చేతులెత్తే పద్ధతిలో ఓటింగు ఉంటుంది. చందా బాకీ ఉన్నవాళ్లకు ఓటు లేదు కాబట్టి సమావేశానికి ముందే కట్టగలరు.

ఇట్లు,
కార్యదర్శి