ఐదు నిమిషాలు కుర్చీ దిగనివ్వండి

ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను ఒంగోలులో ఒక ఆఫీసు గుమాస్తాని. మొన్న సాయంత్రం మా పక్క సీటు అక్క లేవబోయి, బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెప్పుల్లో పట్టనంతగా పాదాలు వాచాయి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం క్యారియర్ విప్పేదీ ఆ కుర్చీలోనే మరి. పిక్కలు కదిలితేనే కదండీ, కాళ్లలో రక్తం సరిగ్గా పైకెక్కేది!

కేంద్ర ఆయుష్ శాఖ 2021లోనే ఆఫీసుల కోసం ఐదు నిమిషాల యోగా నేర్పే ‘వై-బ్రేక్’ యాప్ తెచ్చింది. పదకొండింటికోసారి, నాలుగింటికోసారి ఆ యోగా చేయించమని జిల్లా ఆఫీసులన్నిటికీ ఒక సర్క్యులర్ పంపండి. జూన్ 21న యోగా దినోత్సవమని ఒక్కరోజు చాపలు పరిస్తే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం చెయ్యమంటోంది. మేం అడిగేది రోజుకు పదే.

సోమవారం గ్రీవెన్సుకు అర్జీ పట్టుకుని వస్తాను. అక్కనూ తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక గుమాస్తా, ఒంగోలు