చైన్ల సంగతి తర్వాత, ముందు దవడలు చూడు

ఒరేయ్ సీనూ,

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదు. పాత ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ (ట్రక్కు వెనక తొట్టిలో తగిలించి లాగే బండి) కొన్నావు, పిల్లల్నేసుకుని శాక్రమెంటో నుంచి యోసెమిటీ వెళ్తానంటున్నావు, బానే ఉంది గానీ అమ్మినాయన సేఫ్టీ చైన్లు నొక్కేశాడని ఆ అనుమానమేంట్రా! నొక్కేయలేదు, దానికి అసలు ఉండవు.

కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 29004 సెక్షన్ ట్రెయిలర్లకి చైను ఉండాలంటుంది, ఫిఫ్త్ వీల్ (ట్రక్కులో బిగించే హిచ్, అంటే కొక్కెం), కింగ్‌పిన్ (ట్రెయిలర్ ముందు కిందికి దిగే లావు పిన్ను) తో తగిలించే నీదాని లాంటి సెమీట్రెయిలర్‌కి మాత్రం అక్కర్లేదని అందులోనే ఉంది. నా పాత బంపర్ పుల్ (ట్రక్కు వెనక బంపర్ దగ్గరి ఇనుప గుండు, అదే బాల్‌కి తగిలించే ట్రెయిలర్) గుర్తుందిగా, అది బాల్ మీంచి ఊడితే ముక్కు నేరుగా రోడ్డుకి గుచ్చుకుంటుంది, అందుకే దాని కింద రెండు చైన్లు కత్తెరలా వేసేవాళ్లం, ఊడినా వాటి మీద ఆగుతుందని. నీది ట్రక్కు తొట్టిలో, దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. ట్రెయిలర్ బరువులో 15 నుంచి 25 శాతం అక్కడే పడుతుంది, 2 అంగుళాల లావు కింగ్‌పిన్‌ని హిచ్ దవడలు చుట్టూ కరిచి పట్టుకుంటాయి. మనూళ్లో ట్రాక్టరుకీ ట్రాలీకీ మధ్య ఒక్క పిన్ను దూర్చి వదిలేస్తారే, ఆ టైపు కాదు.

అయితే ఒక మెలిక ఉంది. నీ ట్రక్కు తొట్టిలో గూస్‌నెక్ బాల్ (గూస్‌నెక్ అనే వేరే రకం ట్రెయిలర్ తగిలించే గుండు) ఉందన్నావు కదా. హిచ్ కొనే ఖర్చెందుకని కింగ్‌పిన్‌కి అడాప్టర్ బిగించి ఆ బాల్ మీద కూర్చోబెట్టావనుకో, అప్పుడది గూస్‌నెక్ కిందే లెక్క, చైన్లు వేయాల్సిందే. స్టేటు దాటితే అక్కడి రూల్ కూడా చూసుకో, అన్నిచోట్లా ఒకేలా లేదు.

నా ఘనకార్యం నీకు చెప్పలేదు. పోయినేడు చీకటి పడుతుంటే హడావిడిగా తగిలించాను. పిన్ను దవడల్లోకి పోకుండా పైన ఊరికే ఆనుకుని ఉంది, నేను కిందికి వంగి చూడలేదు. ట్రెయిలర్‌ని నిలబెట్టే ముందు కాళ్లు పైకెత్తేసి ట్రక్కు కదిపానో లేదో దబ్బుమని పడింది, తొట్టి అంచులు రెండూ సొట్ట. మీ వదిన వారం రోజులు ఆ సొట్టలు చూపించి మరీ తిట్టింది. చైనున్నా ఒరిగేదేం లేదు. అందుకే టార్చి వేసి దవడలు మూసుకున్నాయో లేదో చూడు, ట్రెయిలర్ కాళ్లు నేల మీద ఉండగానే, దాని బ్రేకులు పట్టించి, ట్రక్కుని మెల్లగా ముందుకి లాగి చూడు.

బ్రేక్‌అవే వైరు కూడా ఉంటుంది. ట్రెయిలర్ విడిపోతే అది స్విచ్చిలోని చిన్న పిన్ను లాగేసి, బ్యాటరీతో ట్రెయిలర్ బ్రేకులు పట్టేలా చేస్తుంది, కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలని రూలు. దాన్ని హిచ్‌కి తగిలించకు, హిచ్చే ఊడొస్తే వైరూ దాంతోనే పోతుంది. ట్రక్కుకే కట్టు. ఆ బ్యాటరీ ఎన్నేళ్లదో అడిగావా అసలు?

బయల్దేరే ముందు దవడల ఫొటో ఒకటి పంపు, నా టెన్షన్ నాది.

నీ
రాజుగాడు