క్యాబినెట్ నుంచి బయటికి తీయకుండానే ‘బోర్డు పోయింది’ అనేస్తే ఎలా?

అయ్యా, నమస్కారం.

మా అమ్మాయి బీటెక్ రెండో ఏడు చదువుతోంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుకు నేను కొంత కలిపితే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు వెళ్లి ప్రాసెసర్, మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే పలక), ర్యామ్ (మెమరీ), ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా), క్యాబినెట్ (ఇవన్నీ బిగించే పెట్టె) విడివిడిగా కొనుక్కొచ్చి, రెండు రోజులు కూర్చుని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకుంది. తీరా స్విచ్ నొక్కితే ఫ్యాన్ కాస్త కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే అదీ లేదు. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తే మళ్లీ అదే చిన్న కదలిక. పిల్లకు ఆ రాత్రి నిద్ర లేదు.

అమ్మిన షాపుకు ఫోన్ చేస్తే ఇంట్లో బిగించినదానికి తమకు సంబంధం లేదన్నారు. ఇక్కడ రిపేరు షాపుకు తీసుకెళ్తే ఆయన పక్క డోరు తీసి, రెండుసార్లు స్విచ్ నొక్కి, ‘బోర్డు పోయింది, కొత్తది వేయాలి, ఎనిమిది వేలవుతుంది’ అన్నాడు. ఐదు నిమిషాలు కూడా చూడలేదు. దారి పొడవునా మా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు, తన చేత్తోనే పాడుచేశాననుకుంది.

నేను ఇరవై ఏళ్లుగా బావి మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. కంప్యూటర్ గురించి నాకు తెలియదు కానీ, వేయగానే ట్రిప్ అయ్యే మోటారును రైతు పట్టుకొస్తే వైండింగ్ కాలిందని చెప్పేముందు సిరీస్ బల్బుతో బాడీకి షార్ట్ ఉందేమో, అంటే లోపలి తీగ మోటారు ఇనుప బాడీకి తగులుతోందేమో చూస్తాం. ఇక్కడా అదే చేద్దామన్నాను. బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచాం. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 24 పిన్నుల వైరు, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల వైరు తగిలించాక, పవర్ స్విచ్ తగిలించే రెండు పిన్నులను అమ్మాయి స్క్రూడ్రైవర్ మొనతో క్షణం పాటు కలిపింది. ఫ్యాన్ తిరిగింది, ఆగలేదు.

తప్పు క్యాబినెట్‌లో ఉంది. బోర్డును ఎత్తుగా నిలబెట్టే ఇత్తడి స్క్రూలు అందులో తొమ్మిది ముందే బిగించి ఉన్నాయి, ఈ బోర్డుకు రంధ్రాలు ఎనిమిదే. ఆ తొమ్మిదోది బోర్డు వెనక టంకానికి ఆనుతోంది, అక్కడ ఆవగింజంత గీత కూడా పడింది. షార్ట్ అవగానే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోందన్నమాట. కటింగ్ ప్లేయర్‌తో ఆ స్క్రూ తీసేశాం, అంతే. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

రిపేరు చేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. బోర్డు పోయిందనేముందు దాన్ని బయటికి తీసి అట్ట మీద ఓసారి వేసి చూడండి, ఆ పనికి రెండు మూడు వందలు తీసుకోండి, సంతోషంగా ఇస్తాం. అమ్మేవాళ్లు కూడా కౌంటర్ మీదే ఓసారి వెలిగించి చూపిస్తే ఇంటికెళ్లాక ఈ టెన్షన్ ఉండదు.

ఇంట్లో బిగించుకునే పిల్లలకు ఇంకో మాట. అసలు ఏ కదలికా లేకపోతే ముందు ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్, ఆ తర్వాత క్యాబినెట్ ముందు స్విచ్ నుంచి వచ్చే వైరు చూడండి. ఆ వైరు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది కానీ, బోర్డు పుస్తకంలో చూపిన రెండు పిన్నులకే పెట్టాలి. ఫ్యాన్లు తిరుగుతూ తెర మీద ఏమీ రాకపోతే 8 పిన్నుల వైరు తగిలించారో లేదో చూసి, ర్యామ్ తీసి టక్కున శబ్దం వచ్చేదాకా మళ్లీ నొక్కండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. మోటారు కెపాసిటర్ కొట్టిన దెబ్బ నా కుడిచేతికి ఇప్పటికీ గుర్తుంది.

— ఒక మోటారు మెకానిక్, నర్సంపేట