ఉల్లివేరు పొద్దున్నే కోయనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడి వైపు ఒక డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాను. బీఎస్సీ ప్రాక్టికల్స్ గురించి ఒక మాట పెద్దల చెవిన పడాలని రాస్తున్నాను.

కణవిభజన ప్రాక్టికల్ ఏటా ఉండేదే. ఉల్లిపాయ అడుగు నీటికి తగిలేలా గ్లాసు మీద పెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. ఆ కొసల్ని పొద్దున్న 8, 9 గంటల మధ్య కోసి, 3 పాళ్ల ఆల్కహాలు, 1 పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన, కణాల్ని ఉన్న స్థితిలోనే నిలిపేసే ద్రావణంలో వేస్తే విభజనలో ఉన్న కణాలు బాగా దొరుకుతాయి. టైంటేబుల్లో ప్రాక్టికల్ మాత్రం భోజనాలయ్యాక. అప్పుడు కోసిన వేరుకి అసిటోకార్మిన్ అనే ఎర్రరంగు ఎంత పట్టించినా, బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో ఎంత ఒడుపుగా నొక్కినా, చాలాసార్లు విభజన మొదలవని గుండ్రటి కేంద్రకాలే కనిపిస్తాయి. పిల్లలు సీనియర్ల రికార్డు చూసి మెటాఫేజ్ (విభజనలో క్రోమోజోములు కణం నడుమ వరుసగా నిలిచే దశ) బొమ్మ గీసేస్తారు. సంతకం పడిపోతుంది.

"బొమ్మలో ఉన్నది స్లైడులో లేదేం బాబాయ్?" అని ఒకమ్మాయి అడిగింది. చదువంటే ఆ ప్రశ్నే కదా! రెండు గంటలకోసారి వేళ్లు కోసి, ఏ వేళ ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో ఆ పిల్లనే లెక్కపెట్టమంటే ఒక సెమిస్టరు పరిశోధన అవుతుంది. ఒక ఉల్లిని బావి నీటిలో, ఇంకోదాన్ని మహేంద్రతనయ నదిలో మురుగు కలిసేచోటి నీటిలో పెట్టి వేళ్ల పొడవు కొలవమన్నా అంతే. కాల్చిసిన్ మందు ఉల్లివేళ్ల కణాల్ని ఏం చేస్తుందో 1938లో చూపించిన స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్, మనిషి క్రోమోజోములు 46 అని 1956లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు. ఉల్లిపాయని తక్కువగా చూడకండి.

డబ్బు లేదంటారు. ఉన్న మైక్రోస్కోపులు పాడవుతాయని బీరువాలో తాళం వేస్తే, మన వానాకాలం చెమ్మకి లెన్సులకి బూజు పడుతోంది. ఈ చేతులతో తుడిచినవాణ్ణి, నాకు తెలుసు. పిల్లలు వాడనీ, ఒకటి విరిగితే విరగనీ.

2020 జాతీయ విద్యా విధానం నాలుగో ఏడు పరిశోధనకి చోటిచ్చింది. మంచిదే. కానీ మూడేళ్లు రికార్డులు చూసి రాసిన పిల్లకి నాలుగో ఏట ప్రశ్న ఎక్కడినుంచి పుడుతుంది? బరంపురంలో 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా, పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పెద్దలు వేసవి సెలవుల్లో మా చిన్న కాలేజీల పిల్లల్ని కొందరినైనా తమ ల్యాబుల్లోకి రానివ్వాలని కోరుతున్నాను.

కాలేజీలవారికి నా విన్నపాలు రెండే. ఈ ప్రాక్టికల్ పొద్దున పెట్టండి, లేదా ముందురోజు పొద్దున్నే పిల్లలచేత వేళ్లు కోయించి ద్రావణంలో వేయించండి. స్లైడులో ఏమీ కనబడకపోతే "కనబడలేదు" అని రాసి, కారణం వెతికిన పిల్లలకి పూర్తి మార్కులివ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ అటెండరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా