బాపు బీపీ, నీ బీపీ

హన్మకొండ,
ఆదివారం పొద్దున

అరేయ్ శీనూ,

మొన్న నువ్వు ఫోన్ చేసి "బాపు ఎట్లున్నడు?" అని అడిగితే "మంచిగనే ఉన్నడు" అని పెట్టేశాను. కోపమొచ్చిందని నీ గొంతులోనే తెలిసింది. అప్పుడు దవాఖాన వరండాలో ఉన్నానురా, టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. ఆ కథ ఫోన్‌లో ఒడిసేది కాదు. ఇవాళ తీరిక దొరికింది, చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని రాస్తున్నా. ఓపికగా చదువు.

బాపుది ముప్పై ఏళ్లకు పైగా అటెండర్ నౌకరీ. సైకిల్ మీద ఫైళ్లు మోసిండు, పెద్దసారు గంట కొడితే లేచి నిలబడ్డడు. రిటైరై పద్నాలుగేళ్లయినా ఆ గంట ఆయన చెవుల్లోంచి పోలేదని ఆ రోజు నాకు అర్థమైంది. డాక్టర్ గది గడప దగ్గర చెప్పులు విడిచాడు. విడవమని ఎవరూ అనలేదు, లోపల అందరూ చెప్పులతోనే ఉన్నారు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. కూర్చోమని రెండుసార్లు చెప్పాక స్టూలు అంచున, ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. డాక్టర్ మనకంటే చిన్నోడు. మంచోడే, నవ్వుతూనే పలకరించాడు. బాపు "మంచిగనే ఉన్న సారూ" అంటుండగానే చొక్కా చెయ్యి మీదనే పట్టీ చుట్టేశారు. పైది 172, కిందిది 98. ఇంకో గోలీ పెరిగింది.

మూడో రోజుకి మంచం మీది నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయన్నాడు. మా వాడకట్టులో ఒక నర్సమ్మ ఉంది, బాపును చిన్నప్పటి నుంచి "పెద్దనాయిన" అనే పిలుస్తుంది. ఆమె వచ్చి అరుగు మీదనే చూసింది. 124. మిషన్ ఖరాబైందేమో అనుకున్నాం. సరే, రెండో గోలీ పనిచేసిందనే అనుకుందాం. కానీ ఆమె తన నోట్‌బుక్ తీసి రెండు నెలల కిందటి లెక్క చూపించింది. ఆ గోలీ లేనప్పుడు కూడా ఇదే అరుగు మీద 138.

నీకు తెలుసు కదా, నాకు ఒకటి పట్టుకుంటే వదిలే అలవాటు లేదు. చదువుతూ పోతే 1983లో ఇటలీలో జరిగిన ఒక పరిశోధన దొరికింది. జ్యుసెప్పె మాన్చియా అనే డాక్టర్, ఆయన జట్టు 48 మంది మీద చేశారు. వాళ్ల ధమనిలో సన్నని గొట్టం పెట్టి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీ దానంతట అదే నమోదయ్యేట్టు చూశారు. అది నడుస్తుండగా ఒక డాక్టర్ మంచం దగ్గరికొచ్చి మామూలుగా బీపీ చూస్తాడు, అంతే. సూది లేదు, కోత లేదు. డాక్టర్ వచ్చిన నాలుగు నిమిషాల్లోపే పైది సగటున 27 పెరిగింది! పది నిమిషాలకు చాలావరకు దిగింది. అదే డాక్టర్ మళ్లీ మళ్లీ వచ్చినా ఒంటికి అలవాటు కాలేదట. తర్వాత నర్సులతో చూపిస్తే పెరుగుదల సగమే ఉంది. మన నర్సమ్మ అయితే ఇంకా తక్కువే ఉండేదేమో, "పెద్దనాయినా" అని పిలిచే మనిషి కదా. డాక్టర్ ముందు ఇట్లా పెరిగేదానికి తెల్లకోటు బీపీ అని పేరు.

అసలు ఈ చేతి పట్టీని కనిపెట్టింది కూడా ఇటలీ డాక్టరే, రివా-రొచ్చి, 1896లో. మొదటి పట్టీని సైకిల్ ట్యూబుతో చేశాడట. బాపుకు చెప్తే డాక్టర్ల సంగతి వదిలేసి "ఏ కంపెనీ సైకిలు?" అని అడిగాడు.

కానీ నా మనసులో నిలబడిపోయింది ఇది కాదురా. లండన్‌లో వైట్‌హాల్ అని ప్రభుత్వ ఆఫీసులుండే వీధి ఉంది. 1967లో అక్కడ పనిచేసే దాదాపు 18,000 మంది మగ ఉద్యోగుల ఆరోగ్యం లెక్క రాయడం మొదలుపెట్టారు. మైకేల్ మార్మట్ అనే ఆయన ఆ లెక్కల్లోంచి ఏం తీశాడంటే, గుండెజబ్బుతో పోయే ముప్పు పైమెట్టు అధికారుల కంటే అడుగుమెట్టు వాళ్లకు మూడు రెట్లకు పైనే. అడుగుమెట్టు అంటే ఎవరనుకున్నావు? కాగితాలు మోసేవాళ్లు, తలుపు దగ్గర నిలబడేవాళ్లు. అంటే మన బాపులే! వాళ్లకు జీతముంది, ఆకలి లేదు, ఆ దేశంలో వైద్యం ఉచితం. సిగరెట్లు, కొవ్వు, బీపీ అన్నీ లెక్కేసి తీసేసినా ఆ తేడా సగానికి పైగా అట్లనే మిగిలింది. 1985లో ఆడవాళ్లను కూడా కలుపుకుని మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి పదివేల మందికి పైగా. అందులో తేలిన ఒక సంగతి, తన పని మీద తనకు చెల్లుబాటు తక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువ.

మనం పెద్దసార్లకే టెన్షన్ ఎక్కువ అనుకుంటాం. ఉంటది, కాదనను. కానీ పెద్దసారు కావాలంటే గంట కొట్టకుండా ఉండగలడు. గంట వినబడకుండా ఉండే వీలు బాపుకు లేదు. తెల్లకోటు బీపీకి, వైట్‌హాల్ లెక్కకు సంబంధం ఉందని నేను చదివిన చోట ఎవరూ అనలేదు, ఇది నా సొంత పైత్యం. కానీ ఆ స్టూలు అంచున కూర్చున్న మనిషిని చూస్తే నువ్వూ ఇదే అంటావు.

ఇగ మిషన్ కొన్నా. ఏడు రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాసిపెట్టాలి. దానికో పద్ధతుంది. ముందు మూత్రానికి పోయి రావాలి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనించాలి, కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. చెయ్యి ఒళ్లో పెట్టుకున్నా, కిందికి వేలాడేసినా ఎక్కువ చూపిస్తుందట. 2024లో అమెరికాలో కొలిచి చూశారు, ఒళ్లో ఉంటే దగ్గరదగ్గర 4, వేలాడితే 6కి పైన. అన్నిటికంటే కష్టమైనది మాట్లాడకపోవడం. మా అమ్మ కూడా చూపించుకుంటానని కూర్చుంది. పట్టీ బిగుస్తుంటే "పిండుతున్నదిరో, ఆపు, గా పొయ్యి మీద పాలున్నయి, పొంగుతయి" అని ఆపకుండా చెప్పింది. 151. పాలు దించొచ్చి, నోరు మూసుకుని కూర్చుంటే 134. ఆమెను అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టడానికి నా బీపీ పెరిగింది.

బాపు లెక్కలో మొదటి రోజు వదిలేసి మిగతావి కలిపితే సగటు 126. కాగితం పట్టుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి పోయాం. చిన్నబుచ్చుకుంటాడేమో అని భయపడ్డా, కానీ ఆయన శ్రద్ధగా చదివాడు. దవాఖానలో 140 హద్దయితే ఇంట్లో 135ట. కొత్త గోలీ ఆపి, పాతది మాత్రం మానొద్దన్నాడు, నెలకోసారి కాగితం తెమ్మన్నాడు. తెల్లకోటు బీపీ అని చేతులు దులుపుకునేది కాదని, అట్లాంటివాళ్లలో కొందరికి పోనుపోను అసలు బీపీయే వస్తుందని కూడా చెప్పాడు. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటొద్దన్నాడు. అమ్మ మామిడికాయ తొక్కు జాడీ అటక మీదికెక్కింది. బాపు రోజూ దాని వైపు చూస్తాడు.

ఇప్పుడు నీ సంగతి. "మా కంపెనీ చెకప్‌లో 120 బై 80, సూపర్" అని గొప్పగా ఫొటో పెట్టావు చూడు, అది చూసినప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. ఎందుకంటే తెల్లకోటు బీపీకి ఉల్టా కూడా ఒకటుంది. డాక్టర్ ముందు మామూలుగా ఉండి, బయట పెరిగేది. దాన్ని మాస్క్ వేసుకున్న బీపీ అంటారు. 2002లో థామస్ పికరింగ్ అనే డాక్టర్ పెట్టిన పేరు. చెకప్‌లో దొరకదు కాబట్టి ఇది ఇంకా ఖతర్నాక్. మంచిగ నిద్రపోయేవాళ్లకు రాత్రి బీపీ నూటికి పది నుంచి ఇరవై వంతులు దిగుతుంది, రక్తనాళాలకు అదే సెలవు. నువ్వేమో రాత్రి రెండింటి దాకా అమెరికా కాల్స్‌లో ఉంటావు, ఆ సెలవు ఎప్పుడిస్తావురా? మాట్లాడేటప్పుడు నీ మెడ నరం కొట్టుకోవడం వీడియో కాల్‌లో కూడా కనబడుతుంది. చెల్లెకు చెప్పకు అన్నావని చెప్పలేదు, ఈ ఉత్తరం ఆమె చేతికి చిక్కితే నా బాధ్యత లేదు.

24 గంటలు నడుముకు కట్టుకునే మిషన్ ఉంటుంది, రాత్రి నిద్రలో కూడా అదే చూసుకుంటుంది. హైదరాబాదులో అడుగు, దొరుకుతుంది. అది కాకుంటే పెద్దల అమావాస్యకు ఎట్లాగూ వస్తావు కదా, ఎంగిలిపూల బతుకమ్మ నాడు. లాప్‌టాప్ లేకుండా రా. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచొచ్చి, అరుగు మీద బాపు పక్కన కూర్చో. పట్టీ నేను చుడతా. నువ్వు అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండాలి, అమ్మ పందెం కాసింది, నీతో కాదని.

సర్వపిండి చేస్తానంది. ఉప్పు తగ్గించి.

నీ
రమేశ్