చైత్రకు నాన్న ఉత్తరం

తెనాలి

చిరంజీవి చైత్రకు, నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న ఫోన్లో, అక్కడ ఇటలీలో క్లాసులో అందరూ నిన్ను ‘కైత్ర’ అంటున్నారనీ, పోనీలే అని నువ్వూ పలుకుతున్నావనీ చెప్పావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా. చైత్రమాసంలో పుట్టావని నాయనమ్మ పెట్టిన పేరది.

తప్పు వాళ్ళది కాదు. నువ్వు వెళ్ళినప్పటి నుంచి నేనూ పుస్తకం తెచ్చుకుని ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. వాళ్ళ రాతలో సి పక్కన హెచ్ వస్తే అది ‘క’. ‘మి కియామో’లోని ‘కి’ కూడా అలా రాసేదే. ఆ మాటకు అర్థం ‘నన్ను నేను పిలుచుకుంటాను’ అని. పిలవడానికీ పిలుచుకోవడానికీ మనకున్న తేడా వాళ్ళకీ ఉందని తెలిసి ఎంత సంతోషించానో!

కాబట్టి ‘మి కియామో చైత్ర’ అని చెప్పి, వాళ్ళు పలకరింపుగా ‘చావ్’ అనేటప్పటి ‘చ’ అని ఒక్కసారి పలికి చూపించు. ఆ శబ్దం వాళ్ళ నోట్లో రోజూ ఆడేదే. ‘కోమే సి స్క్రీవే?’, అంటే ఎలా రాస్తారని అడిగితే ఒక్కో ఇంగ్లీషు అక్షరానికీ దానితో మొదలయ్యే ఊరి పేరు చెప్పు: కోమో, హోటల్, అంకోనా, ఇమోలా, తొరినో, రోమా, మళ్ళీ అంకోనా. హెచ్‌తో మొదలయ్యే ఊరు వాళ్ళకు దొరక్క కాబోలు, అక్కడ హోటల్ పెట్టుకున్నారు. ఆ అక్షరాన్ని వాళ్ళు ‘అక్కా’ అంటారట. అది చదివి మీ అమ్మ ఒకటే నవ్వు.

ఆఫీసుల్లో మాత్రం జాగ్రత్త. ‘కొన్యోమే’ అంటే ఇంటిపేరు, ‘నోమే’ అంటే నీ పేరు. వాళ్ళ 16 అక్షరాల పన్ను కోడులో మొదటి మూడూ ఇంటిపేరు నుంచి, తర్వాతి మూడూ పేరు నుంచి తీస్తారు. రెండూ తారుమారైతే కోడే మారిపోతుంది. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి, పేరు తప్పిన కవరు ఎన్ని గుమ్మాలు తిరుగుతుందో నాకు తెలుసు.

ఎదుటివాళ్ళ పేరు అడిగేటప్పుడు తోటి పిల్లలనైతే ‘కోమే తి కియామి?’ అను. పెద్దవాళ్ళనూ కొత్తవాళ్ళనూ ‘కోమే సి కియామా?’ అనే అడగాలి. మన ‘మీ పేరేంటండీ’ అన్నంత మర్యాద అందులో ఉంది. మర్యాదగా ‘మీరు’ అనడానికి వాడే ‘లేయి’ అన్న మాటకు ‘ఆమె’ అని కూడా అర్థం, అయినా మగవాళ్ళకూ అదే. వాళ్ళు పేరు చెప్పగానే ‘పియచేరే’, అంటే ‘కలిసినందుకు సంతోషం’ అనడం మరవకు. ఆంద్రేయా, నికోలా అని వినిపిస్తే అమ్మాయిలనుకునేవు, అక్కడ అవి మగపిల్లల పేర్లు.

నీకు జ్వరమొచ్చినప్పుడు సూప్ తెచ్చిచ్చిన మీ ఇంటి ఓనరమ్మ పేరు ఇంతవరకూ నాకు చెప్పలేదు. ‘కోమే సి కియామా?’ అని అడిగి, ఎలా రాస్తారో కూడా కనుక్కుని రాయి. పెళ్ళయినా అక్కడి ఆడవాళ్ళకు కాగితాల మీద పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, ఆవిడదీ అడుగు. కవరు మీద ఆ పేరు నా చేత్తో రాసి, ఆవిడకు నాలుగు ముక్కలు పంపాలని ఉంది.

మీ నాన్న