శనివారం లాడ్జి బిల్లింగ్ ఎందుకు నెమ్మదించిందంటే

మన సాఫ్ట్‌వేర్ వాడుతున్న తిరుపతి లాడ్జి ఓనర్లందరికీ నమస్కారం.

పోయిన శనివారం పొద్దున రైలు దిగిన జనం కౌంటర్ ముందు నిలబడి ఉంటే గదుల స్క్రీన్ తెరుచుకోలేదని చాలామంది ఫోన్ చేశారు. "మా నెట్ బాగానే ఉందబ్బా, నీ సర్వరే నిద్రపోతా ఉంది" అన్నారు గోవిందరాజస్వామి గుడి దగ్గరి అన్న ఒకరు. ఆయన చెప్పిందే నిజం.

ముందురోజు రాత్రి సర్వర్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు వేశాను. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపానికి ప్యాచ్ కూడా అందులో ఉంది. ఇన్నేళ్లు వేయకపోవడం నా తప్పు. వేసేముందు వేగం కొలిచి పెట్టుకోకపోవడం ఇంకో తప్పు.

ఆ లోపం ఉంటే ఒక మామూలు ప్రోగ్రామ్ కూడా కెర్నల్ (అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాచుకున్న మెమరీని చదివేయగలదు. అందుకే మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికల్లో, కెర్నల్ పట్టికను ప్రోగ్రాముల పట్టిక నుంచి ఈ ప్యాచ్ విడదీస్తుంది. డేటాబేస్ డిస్కు చదవాలన్నా, మీ కంప్యూటర్‌కు జవాబు పంపాలన్నా కెర్నల్‌నే అడగాలి. అడిగిన ప్రతిసారీ పట్టిక మారాలి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మారాలి.

ఆదివారమంతా కొలిచాను. సర్వర్‌కు కాపీ తీసి, ప్యాచ్ ఉంచి ఐదుసార్లు, ఆపి ఐదుసార్లు పీజీబెంచ్ నడిపాను. అది మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే, వేగం కొలిచే ప్రోగ్రామ్. డేటా ఇంకా మెమరీలోకి ఎక్కని మొదటి రౌండ్ లెక్కలోకి తీసుకోలేదు. నెలాఖరు జీఎస్టీ రిపోర్టులో తేడా దాదాపు లేదు. 'ఏ గది ఖాళీ' లాంటి చిన్న క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) మాత్రం ఇదివరకు పది పూర్తయ్యే సమయంలో ఇప్పుడు ఎనిమిదే అవుతున్నాయి. వాటిలో లెక్క తక్కువ, కెర్నల్ దగ్గరికి రాకపోకలే ఎక్కువ. మామూలు రోజు ఇది తెలియదు. శనివారం రద్దీలో ముందు కాస్త ఆలస్యమైతే చాలు, కొండ మీద కంపార్ట్‌మెంట్లు నిండినట్టు వెనకవన్నీ ఆగిపోతాయి.

అసలు చిక్కు మరోచోట దొరికింది. ప్రాసెసర్‌లో పీసీఐడీ అనే సదుపాయం ఉంటే, పట్టిక మారిన ప్రతిసారీ ప్రాసెసర్ గుర్తుపెట్టుకున్న మెమరీ చిరునామాలను (క్యాష్) చెరిపేయనక్కర్లేదు. మనం అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్‌కు అది కనిపించడమే లేదు! అద్దెకిచ్చినవాళ్లతో మాట్లాడి కాపీ మీద ఆన్ చేయించాను. మళ్లీ కొలిస్తే పదికి తొమ్మిది దాటింది. గదికో క్వెరీ పంపే మన స్క్రీన్‌ను కూడా అన్నింటికీ కలిపి ఒక్కటే పంపేలా మార్చాను.

ప్యాచ్ తీసేయమని ఇద్దరు అడిగారు. తీయను. మీ గెస్టుల ఆధార్ కాపీలు ఆ సర్వర్‌లోనే ఉన్నాయి.

మంగళవారం రాత్రి 2 నుంచి 2:30 దాకా సర్వర్ ఆపి ఈ మార్పులు పెడతాను. ఆ అరగంట చెక్-ఇన్‌లు రిజిస్టర్‌లో రాసి ఫోటో పంపండి, పొద్దున నేనే ఎక్కిస్తాను. ఈ నెల చందా ఎవరూ కట్టొద్దు.